పేజీ తిప్పే ముందు కాసేపు ఆగండి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను కర్నూలు జిల్లా ఆలూరు దగ్గర ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచర్ని. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. ఒకటి, రెండు తరగతులు నావే, మొత్తం 28 మంది పిల్లలు. బడిలో ఒక బీరువా నిండా బొమ్మల పుస్తకాలున్నాయి. లైబ్రరీ పీరియడ్‌లో నేను నిలబడి ఒక పుస్తకం చదివి వినిపిస్తాను. రెండు పేజీలయ్యేసరికి ముందు కూర్చున్నవాళ్లు లేచి పుస్తకం లాగుతారు, వెనకవాళ్లు కొట్టుకుంటారు. చేతికిస్తే బొమ్మలు చూసుకుంటూ చకచకా తిప్పేస్తారు, ఒక్క అక్షరం వైపు చూడరు. బొమ్మలు కాగితంతో మూసి చదివించమని తోటి టీచర్ ఒకరు చెప్పారు. తల్లిదండ్రులేమో "బొమ్మలు చూపిస్తే సదువొస్తాదా మేడం?" అంటున్నారు. పుస్తకాలు చినిగితే లెక్క చెప్పాలని హెచ్‌ఎం సార్ బీరువా తాళం తన దగ్గరే పెట్టుకుంటారు. ఆ పీరియడ్ వస్తోందంటే టెన్షన్‌గా ఉంటోంది. నేనేం చేయాలి?

సమాధానం:

అమ్మా,

బొమ్మలు మాత్రం మూయకండి. ఇంకా మొదలుపెట్టకపోతే మొదలుపెట్టొద్దు, మొదలుపెట్టి ఉంటే రేపటి నుంచే మానేయండి. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకుందాం.

పిల్లలు అక్షరం వైపే చూడరని రాశారు. ఆ వయసు పిల్లలు ఎక్కడైనా అంతే. కెనడాలో మేరీ ఆన్ ఎవాన్స్, ఆమెతో పనిచేసిన మరో పరిశోధకుడు కలిసి సరిగ్గా ఈ సంగతినే పరీక్షించారు. పెద్దవాళ్లు కథ చదివి వినిపిస్తుంటే నాలుగైదేళ్ల పిల్లల చూపు పేజీలో ఎక్కడ ఆగుతోందో కంటి కదలికల్ని పట్టే పరికరంతో కొలిచారు. 2005లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పిల్లల చూపు దాదాపుగా బొమ్మల మీదే ఉంది, అక్షరాల మీద నిలిచింది బహు తక్కువ.

దాన్ని అశ్రద్ధ అనుకోకండి. మీరు చదువుతుంటే చెవి మాట వింటుంది, కన్ను ఆ మాటను బొమ్మలో వెతుక్కుంటుంది. మంచి బొమ్మల పుస్తకంలో మాట చెప్పని సంగతులు బొమ్మలో ఉంటాయి. ఒక పుస్తకంలో ఇలా ఉందనుకోండి: "మేకపిల్ల యాడికి పోయిందో అవ్వకు తెలియలేదు." మాట అంతే. బొమ్మలో మాత్రం మేకపిల్ల అవ్వ వెనకాలే మొండిగోడ ఎక్కి వేపాకు నములుతూ ఉంటుంది. అవ్వకు తెలియని సంగతి ముందు వరసలో కూర్చున్న ఆరేళ్ల పిల్లకు తెలిసిపోయింది. ఇక ఆ పిల్ల ఎట్లా కూర్చుంటుంది? "అదో, గోడ మీదుండాది!" అని లేచి వచ్చి వేలు పెట్టి చూపిస్తుంది. వెనకవాడికి ఆ గోడ కనపడదు. వాడు ముందువాణ్ని తోస్తాడు. మీరు రాసిన లాగడం, కొట్టుకోవడం చాలామటుకు ఇక్కడి నుంచే వస్తాయి. పిల్లలు కథలో ఉన్నారు. వాళ్లకు కనిపించింది చెప్పడానికి చోటు లేదు, అంతే.

నేను అనంతపురం జిల్లాలో ముప్ఫై ఏళ్లకు పైగా చిన్న తరగతులకే చెప్పాను. మొదటి ఏడెనిమిదేళ్లు కథ చదివిన ప్రతిసారీ చివర "ఈ కథలో నీతి ఏమిటి?" అని అడిగేదాన్ని. పిల్లలు నా మొహం చూసి, నాకు ఏ జవాబు కావాలో పసిగట్టి, అందరూ ఒకే గొంతుతో చెప్పేవాళ్లు. పాఠం అయిందనుకుని పుస్తకం మూసేదాన్ని. ఆ ఏళ్లలో ఆ పిల్లలు ఏయే బొమ్మలో ఏమేం చూశారో నాకు ఒక్కటీ తెలియదు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది.

తర్వాత ఒక ఏడు తండా నుంచి ఒక పిల్లవాడు ఒకటో తరగతిలో చేరాడు. ఇంట్లో లంబాడీ మాట, బడిలో తెలుగు. రెండు నెలలు నోరు విప్పలేదు. ఒక రోజు కథ మధ్యలో నాకు దగ్గు పొరబోయింది. తెరిచిన పుస్తకాన్ని పిల్లల ముందు పెట్టేసి నీళ్లు తాగడానికి పోయాను. తిరిగి వచ్చేసరికి ఆ పిల్లవాడు పుస్తకం మీదికి వంగి, పక్కవాడికి ఏదో చెబుతున్నాడు. బొమ్మలో ఆవు మెడలో పలుపు తెగి వేలాడుతోంది. పుస్తకంలో ఆ మాటే లేదు, నేనూ చూడలేదు. ఆవు ఎందుకు తప్పిపోయిందో వాడు సగం లంబాడీలో, సగం తెలుగులో పక్కవాడికి వివరిస్తున్నాడు. నేను గడప దగ్గరే నిలబడిపోయాను. రెండు నెలలుగా నేను ఊపిరి తీసుకోకుండా చదువుతూ ఉన్నాను కాబట్టి వాడికి మాట్లాడే సందు దొరకలేదు.

అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త 1970ల్లో తరగతి గదుల్లో రికార్డు చేసిన మాటలు విని ఒక సంగతి గమనించారు. టీచర్లు ప్రశ్న అడిగి, జవాబు కోసం సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. ఆగే సమయాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్లు కూడా మాట్లాడసాగారు. వినడానికి మూడు సెకన్లు ఏమంత కాదు గానీ, 28 మంది ముందు నోరు మూసుకుని ఉండడం మొదట్లో కష్టమే. పేజీ తెరవగానే చదవకండి. మనసులో ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టుకోండి. పిల్లల కళ్లు పేజీ మీద తిరగనివ్వండి. తర్వాత చదవండి. చదివాక మళ్లీ ఆగండి. తిప్పమంటారా అని పిల్లలనే అడగండి. "ఉండు మేడం, ఉండు" అన్నారంటే ఆ పేజీలో వాళ్లకు ఇంకా పని ఉందని అర్థం.

ఇక కూర్చునే తీరు. 28 మందికి ఒక చిన్న పుస్తకం చాలదు, ఎంత బాగా చదివినా చాలదు. న్యూజిలాండ్‌లో డాన్ హోల్డవే అనే ఆయన 1970ల్లో ఈ ఇబ్బందికి పెద్ద సైజు పుస్తకాలు వాడే పద్ధతి తెచ్చారు, తరగతి మొత్తానికీ బొమ్మా అక్షరం కనిపించేలా. అవి మీ బీరువాలో ఉంటే అదృష్టం. లేకపోతే పిల్లల్ని మూడు గుంపులు చేయండి, పది, తొమ్మిది, తొమ్మిది. ఒక గుంపు మీ దగ్గర జంపఖానా మీద. మిగతావాళ్లు ఇద్దరికొక పుస్తకం చొప్పున తీసుకుని గోడవారగా కూర్చుని వాళ్లకు తోచినట్టు చూసుకుంటారు. మరుసటి పీరియడ్‌కు గుంపు మారుతుంది. గదిలో కాస్త రొద ఉంటుంది, ఉండనివ్వండి. జంటగా కూర్చుని పుస్తకం చూసే పిల్లలు గుసగుసలాడకుండా ఎట్లా చూస్తారు?

మీరు నిలబడి చదవొద్దు. చిన్న పీట మీద కూర్చోండి, పిల్లల కళ్ల ఎత్తుకు పుస్తకం వస్తుంది. కిటికీ మీ వెనక ఉంటే పేజీ నల్లగా కనిపిస్తుంది, వెలుతురు పేజీ మీద పడేలా పక్కకు తిరగండి. పుస్తకాన్ని భుజం పక్కగా, పేజీలు పిల్లల వైపు ఉండేలా పట్టుకోవాలి. అట్లా పట్టుకుంటే మీకు అక్షరాలు ఓరగా కనిపిస్తాయి కాబట్టి ముందురోజు ఇంట్లో రెండుసార్లు పైకి చదువుకోండి. మీ చూపు పుస్తకంలో ఇరుక్కోకుండా పిల్లల మొహాల మీద ఉంటుంది. ఏ పేజీ దగ్గర ఎవరి కళ్లు పెద్దవయ్యాయో మీకు తెలుస్తుంది.

ప్రశ్నలు అడగండి, కానీ పరీక్షలా వద్దు. "ఇదేంటి? ఇది ఏ రంగు?" అనే ప్రశ్నకు ఒక్క మాట జవాబు వచ్చి ఆగిపోతుంది. "ఈడ ఏం జరుగుతాంది?" అనండి. "నీకెట్లా తెలిసింది?" అనండి. ఈ రెండో ప్రశ్న నాకు చాలా ఇష్టం. "అవ్వకు కోపం వచ్చింది" అన్న పిల్లను నీకెట్లా తెలిసిందని అడిగితే, కనుబొమ్మలు చూపిస్తుంది, కొంగు నడుముకు చెక్కుకోవడం చూపిస్తుంది. పెద్దయ్యాక పాఠంలో లేని మాటను పాఠం నుంచి పట్టుకోవడం అంటారే, దానికి మొదటి మెట్టు ఇదే.

పిల్లలు బొమ్మకు పెట్టే పేరు పుస్తకంలో పేరు కాకపోవచ్చు. ఇది మీ వైపు తప్పకుండా వస్తుంది. పుస్తకంలో కొబ్బరికాయ అని ఉంటుంది, పిల్లలు టెంకాయ అంటారు. పుస్తకంలో వేరుశనగ, మీ కర్నూలు పిల్లలు బుడ్డలు అంటారు, మా అనంతపురం పిల్లలైతే చెనిక్కాయలు. ఉల్లిపాయ మాకు ఎర్రగడ్డ. గేదె బొమ్మ చూసి ఎనుము అన్న పాపను "ఎనుము కాదు, గేదె అనాలి" అని దిద్దితే, రెండోసారి ఆ పాప నోరు తెరవదు. పుట్టినప్పటి నుంచి తన ఇంటి ముందర కట్టేసిన జీవానికి తనకు తెలిసిన పేరే తప్పంటే ఇంకేం చెబుతుంది? "అవును, ఎనుమే. ఈ పుస్తకం రాసినవాళ్లు గేదె అంటారు" అనండి చాలు. పిల్లకు తన మాట పోలేదు, కొత్త మాట ఒకటి వచ్చింది. ఆలూరు వైపు కన్నడం మాట్లాడే ఇళ్లుంటాయి, ఉర్దూ మాట్లాడే ఇళ్లుంటాయి. వాళ్ల పిల్లల్ని వాళ్ల మాట కూడా చెప్పమనండి. అక్షరాల పాఠంలో వెనకబడ్డ పిల్ల బొమ్మ ముందు ఎవరికీ తీసిపోదు. బొమ్మల పుస్తకాన్ని నేను ఇంతగా పట్టుకోవడానికి ఇదొక పెద్ద కారణం.

వారానికి ఒక్క పుస్తకం చాలు. "నిన్న చదివిందే మళ్లీనా" అని పెద్దవాళ్లకు విసుగు, పిల్లలకు కాదు. ఇంగ్లండ్‌లో ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో మూడేళ్ల పిల్లల మీద చేసిన పరిశోధన ఒకటుంది. కొత్త మాటలు వినిపించడం అందరికీ సమానమే. కొందరికి ఒకే కథను మళ్లీ మళ్లీ చదివారు, కొందరికి వేరువేరు కథలు చదివారు. ఒకే కథను మళ్లీ మళ్లీ విన్న పిల్లలే ఆ మాటల్ని బాగా గుర్తుపెట్టుకున్నారు. మొదటి రోజు కథ ఏమవుతుందో అన్న ఆత్రంలోనే సరిపోతుంది. రెండో రోజు మూలల్లో ఉన్న చీమ, కుక్కపిల్ల కనిపిస్తాయి. మూడో రోజు పిల్లలు మీ కంటే ముందే మాట అందుకుంటారు.

అక్షరాలకు దారి ఆ మూడో రోజున దొరుకుతుంది. పిల్లలు ఒక వాక్యాన్ని గుర్తుపట్టి మీతో పాటు అంటున్నప్పుడు ఆ వాక్యం కింద వేలు నడిపించండి. వాళ్ల నోట్లో ఉన్న మాటే కాగితం మీద ఉందని కంటితో చూస్తారు. అట్ట మీద పేరు కింద కూడా రోజూ వేలు నడిపించండి. పేజీకి ఒక్కసారి, అంతకు మించి వద్దు. ప్రతి మాట దగ్గరా ఆపి అక్షరాలు గుణించబోతే కథ చచ్చిపోతుంది. గుణించడానికి మీకు వేరే పీరియడ్లు ఉన్నాయి కదా.

తల్లిదండ్రుల మాటకు వస్తాను. వాళ్లను తక్కువగా అనుకోకండి. కూలి పని మానుకుని పిల్లల్ని బడికి పంపేవాళ్లు, ఆ బడిలో ఏం జరుగుతోందని అడిగే హక్కు వాళ్లకుంది. నేనైతే మన వైపు సంగతులే గుర్తుచేస్తాను. లేపాక్షి గుడి పైకప్పు మీద కిరాతార్జునీయం కథను విజయనగర కాలంలో వరసగా బొమ్మల్లో గీశారు, తల పైకెత్తి నడిస్తే కథ నడుస్తుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేకతోలు బొమ్మలకు రంగులు వేసి, తెర వెనక దీపం పెట్టి రామాయణం ఆడించే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్లలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మన అవ్వాతాతల్లో ఎంతోమంది రామాయణ భారతాలు తెలుసుకున్నది అట్లా బొమ్మ చూస్తూ, మాట వింటూనే.

ఇంత చెప్పినా మాటలతో నమ్మకం కుదరదు. తల్లిదండ్రుల మీటింగ్ రోజు మీరు ఉపన్యాసం ఇవ్వకండి. ఒకటో తరగతి పిల్లకు వారమంతా విన్న పుస్తకం చేతికిచ్చి, వాళ్లమ్మ పక్కన కూర్చోబెట్టి కథ చెప్పమనండి. అక్షరాలు రాకపోయినా పేజీ వెంట పేజీ తిప్పుతూ, మొదలూ చివరా తప్పకుండా పది నిమిషాలు చెబుతుంది. ఆ పది నిమిషాల తర్వాత ఆ తల్లి మిమ్మల్ని ఆ ప్రశ్న అడగదు.

కుదిరితే పుస్తకాలు ఇళ్లకూ పంపండి. చినుగుతాయన్న భయం నాకు తెలుసు. మా బడి నుంచి ఒక పాప, బేల్దారి పనికి బెంగళూరు పోతున్న అమ్మానాన్నలతో పాటు ఒక పుస్తకం తీసుకుపోయింది. మార్చిలో పోయిన పుస్తకం జూన్‌లో వచ్చింది. అట్ట ఊడిపోయింది, పేజీల మీద సిమెంటు మరకలు. నేను కోప్పడబోయి, ముందు కథ చెప్పమన్నాను. చెప్పింది. అందులో పుస్తకంలో లేని మేనత్త ఒకామె వచ్చింది. ఎవరు ఈమె అంటే, "మా యమ్మ చెప్పింది మేడం, ఈ గుడిసెలో ఉండాది" అని ఒక పేజీలో మూసిన తలుపు చూపించింది. వాళ్లమ్మకు సంతకం కూడా రాదు. మూడు నెలలు రోజూ రాత్రి ఆ తల్లీకూతుళ్లు ఆ పుస్తకం ముందు కూర్చున్నారు. చదువు రాని తల్లి కూడా బిడ్డకు చదివి వినిపించగలిగేది బొమ్మల పుస్తకం ఒక్కటే. మీ వైపు సుగ్గికి, అంటే కూలి పనుల కోసం వలస పోయే ఇళ్లు చాలా ఉంటాయి. ఆ పిల్లల సంచిలో ఒక పుస్తకం పెట్టి పంపండి.

హెచ్‌ఎం సార్ మీద కోపం పెట్టుకోవద్దు. స్టాక్ రిజిస్టర్‌లో లెక్క తేలకపోతే సంతకం ఆయనది. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయాలకు ఐదు సూత్రాలు రాస్తే మొదటిది "పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికే" అన్నదే. అది నిజమే గానీ, దాన్ని హెచ్‌ఎం సార్ ముందు వల్లించి లాభం లేదు. బీరువా మొత్తం అడగకండి. పదిహేను పుస్తకాలు అడగండి. వాటి పేర్లు ఒక నోటుబుక్కులో రాసి, మీ సంతకం పెట్టి, నెలాఖరుకు లెక్క చూపిస్తానని చెప్పండి. ఒక రోజు ఆయన్నే పిలిచి పీట మీద కూర్చోబెట్టి చదివించండి. పిల్లలు చుట్టూ మూగి "ఇంకొకటి సార్" అన్నాక తాళం దానంతట అదే వదులవుతుంది. మా బడిలో అట్లాగే అయింది.

చినగకుండా ఉండాలంటే పేజీ తిప్పడం నేర్పాలి. పిల్లలు అరచేయి పేజీ మధ్యలో పెట్టి తోస్తారు, కుట్టు దగ్గర చినుగుతుంది. పైమూల చూపుడు వేలితో ఎత్తి తిప్పడం ఐదు నిమిషాల పని, అదొక ఆటలా నేర్పండి. అయినా చినిగినవి వేయడానికి ఒక అట్టపెట్టె పెట్టండి. చినిగిందని చెప్పినవాళ్లను తిట్టకూడదు, తిడితే పేజీలు దాచేస్తారు. సెల్లో టేపు కొన్నాళ్లకు పసుపుపచ్చగా మారి పేజీని పాడు చేస్తుంది. పల్చటి తెల్ల కాగితం సన్నగా కత్తిరించి ఫెవికాల్‌తో అతికించండి. పిన్నులు ఊడినవాటిని మధ్య మడతలో దారంతో కుట్టండి. రెండో తరగతి పిల్లలు మీ పక్కన కూర్చుని సాయం చేస్తారు.

ఆ పదిహేనూ మూటగా పెట్టకుండా గోడకు పిల్లల ఎత్తులో దండెం కట్టి, క్లిప్పులతో అట్ట ముందుకు కనిపించేలా తగిలించండి. వీపులు మాత్రమే కనిపించే పుస్తకాల్లోంచి చదవడం రాని పిల్ల తనకు కావలసింది ఎట్లా ఎంచుకుంటుంది?

కొత్తవి కావాలంటే ప్రథమ్ బుక్స్, తూలిక, నేషనల్ బుక్ ట్రస్ట్, సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వాళ్లవి తెలుగులో ఉన్నాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో 2015 నుంచి ఎన్నో పుస్తకాలు ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిని ప్రింటు తీసుకోవచ్చు, మీ ఊరి మాటలోకి మార్చుకోవడానికి కూడా అనుమతి ఉంది. గేదెను ఎనుము చేసి ఒక పుస్తకం మీరే తయారుచేయండి. నాలుగు తెల్లకాగితాలు మధ్యకు మడిచి కుడితే పదహారు పేజీలు. పిల్లలు బొమ్మలు వేసి, కథ చెబుతుంటే మీరు వాళ్ల మాటల్లోనే కింద రాసి పెట్టండి. ఆ పుస్తకాన్ని కూడా దండెం మీదే తగిలించండి.

మొదటి రోజు కోసం ఆ బీరువాలో ఒక్క మాట కూడా లేని పుస్తకం ఉందేమో వెతకండి, అంతా బొమ్మలే ఉన్నది. ఉంటే దానితో మొదలుపెట్టండి. మీకు చదవడానికి ఏమీ ఉండదు. పీట మీద కూర్చుని, అట్ట చూపించి, ఐదు లెక్కపెట్టి, పేజీ తిప్పండి. మొదటి రెండు పేజీలు ఎవరూ మాట్లాడకపోవచ్చు, మీరేమైనా చెబుతారని చూస్తారు. కంగారుపడి మీరు అందుకోకండి. మూడో పేజీకో నాలుగో పేజీకో ఎవరో ఒకరు "మేడం, ఆడ చూడు" అంటారు. అప్పుడు వాళ్లు చూపించిన చోటికి మీరూ వంగి చూడండి.